గంజి గుండిగ

మా నాయనమ్మ చెప్పే కథలో రాణి నిప్పుల్లో దూకలేదు. రాజు యుద్ధంలో చచ్చిపోతే కోట తలుపులు మూయించి, గోడల మీద ఆడవాళ్లను నిలబెట్టి, నిచ్చెనలెక్కే శత్రువుల మీద మరిగే గంజి పోయించింది. చివరికి లోపలివాడెవడో తలుపు తీస్తేనే కోట పడింది. వాణ్ణి తిట్టకుండా నాయనమ్మ కథ ముగించేది కాదు. మా పాఠ్యపుస్తకంలో రాణులు మాత్రం ఏడవడమో, కాలిపోవడమో తప్ప మరో పని చేసిన పాపాన పోలేదు.

రాయగడలో మాది బియ్యం హోల్‌సేల్ కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఆ ఏడు దసరా ముందు అక్క బిస్సమ్ కటక్‌లోని అత్తారింటి నుంచి ఒక్కతే బస్సు దిగింది. బావ కమ్మ పట్టి లాగితే చెవితమ్మె రెండుగా చీలిపోయింది. ఇక అక్కడికి వెళ్లనంది. పండగ అయ్యాక దిగబెడతానన్నాడు నాన్న.

పండగ ముందురోజు మగవాళ్లంతా సరుకు కోసం కల్యాణసింగ్‌పూర్ వెళ్లారు. మధ్యాహ్నం ఎవరో పెరటి తలుపు బాదుతూ లోడొచ్చిందని కేకేశారు. ఆ మాట వింటే మా ఇంట్లో తింటున్న కంచం ముందు నుంచైనా లేవాల్సిందే. గడియ తీసింది నేనే. ఎదురుగా బావ, వెనక మరో ఇద్దరు.

అక్కని జుట్టు పట్టి ఈడ్చాడు. అడ్డొచ్చిన నాయనమ్మ తల మీద తలుపు అడ్డకర్రతో కొట్టాడు. తెల్లజుట్టులోంచి నెత్తురు ఆవిడ కళ్లలోకి కారింది. అతను అటు తిరగగానే అక్క విడిపించుకుని వంటింట్లోకి పరిగెత్తింది. అప్పుడే వార్చిన గంజి, గుండిగతో సహా ఎత్తుకొచ్చి అతని మీద కుమ్మరించింది. మెడ మీది తోలు చొక్కాతో పాటు ఊడొచ్చింది. అరుస్తున్నవాణ్ణి ఆ ఇద్దరూ మోసుకుపోయారు. నాకు జాలి కలగలేదు, సంతోషమేసింది. ఇప్పటికీ అంతే.

నాయనమ్మకి ఏడు కుట్లు పడ్డాయి. తలుపు తీసినందుకు నన్నొక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. సాయంత్రం నాన్న వచ్చి, అంతా విని, అల్లుడి కాళ్లు పట్టుకునైనా అక్కని అప్పగించి వస్తానన్నాడు. నాకు ఒళ్లు మండింది. కానీ ఏ మొహం పెట్టుకుని మాట్లాడను?

మర్నాడు ఆయుధ పూజకి కాటా, బస్తాల కొక్కేలు వరసగా పెట్టాం. తలకి కట్టుతోనే నాయనమ్మ ఆ గుండిగ తెచ్చి కాటా పక్కన పెట్టింది. ఇదేటని నాన్న కసిరాడు.

"కోట కాసింది ఇదేరా. దీనికి బొట్టెట్టు. అమ్మిని ఆడికి అప్పసెప్పేవంటే, ఈపాలి తలుపు తీసినోడివి నువ్వే."

కుంకుమ గిన్నె నాన్న చేతిలో ఉంది. నేను వెళ్లి పెరటి తలుపు గడియ వేసొచ్చాను. వచ్చేసరికి గుండిగకి బొట్టుంది.