గెజిటు అమ్మకానికొచ్చిన రోజు

బందరు కలెక్టరాఫీసులో జిల్లా గెజిటు అమ్మే గుమాస్తాగారంటే మొదట్లో నాకు ఒళ్లుమంట. లా పాసై, గుడివాడ నుంచి రోజూ పొద్దుటి పాసింజరెక్కి బందరు వచ్చి, ఒక పెద్ద ప్లీడరుగారి దగ్గర జూనియరుగా చేరిన కొత్త. ఆడపిల్ల ప్లీడరీ ఏమిటని కోర్టు వరండాలో అందరూ వింతగా చూసే రోజులు. కొంచెం ఎక్కువ తెలిసినట్టే మాట్లాడేదాన్ని, ఎవరైనా కాదంటే ముక్కు మీద కోపం.

చేరిన వారంలోనే మా సీనియరుగారు గెజిటు సంచిక ఒకటి తెమ్మని పంపారు. బల్ల వెనక సన్నగా, తెల్లటి గడ్డంతో గుమాస్తాగారు కూర్చుని ఉన్నారు. ఫలానా ప్లీడరుగారి జూనియర్నని చెప్పి, సంచిక తీసుకుని బయల్దేరబోయాను.

"అమ్మాయిగారూ, ధర దాని మీద అచ్చేసి ఉందండీ" అన్నారాయన.

"మా సీనియరుగారికండీ."

"ఆయనకైనా అంతేనండీ. మొన్న తాసిల్దారుగారు కూడా ఇచ్చే తీసుకెళ్లారు."

ఆ ధర ఎంతని? హోటల్లో కాఫీ కన్నా తక్కువ. నా దగ్గర చిల్లర లేకపోలేదు. అయినా పౌరుషం అడ్డొచ్చి, పిసినారి ముసలాయనని మనసులో తిట్టుకుంటూ ఇచ్చాను. ఆయన తీరిగ్గా రసీదు రాసి, తేదీ వేసి, సంతకం చేసి నా చేతిలో పెట్టారు. ఆ కాస్త డబ్బుకి రసీదా అని ఇంకో మంట.

పోనుపోను ఆ గదిలో ఇంకో సంగతి గమనించాను. కిటికీ పక్కన ఒక బెంచీ ఉండేది. పల్లెటూళ్ల నుంచి వచ్చిన రైతులు దాని మీద కూర్చుంటే, కావలసిన సంచిక తీసి ఒళ్లో పెట్టేవారు. చదువు రానివాళ్లకు పక్కన కూర్చుని తనే చదివి, సర్కారు తెలుగుని మామూలు తెలుగులోకి మార్చి చెప్పేవారు. దానికి పైసా తీసుకునేవారు కాదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, మా దగ్గర ముక్కు పిండి వసూలు చేస్తారు, వాళ్లకు ఊరికే చదివి పెడతారేమిటని.

"ప్రభుత్వం కాగితానికి ధర పెట్టిందండీ. తెలుసుకోడానికి పెట్టలేదు" అన్నారు.

మా ఆఫీసు బీరువాలో ప్రైవేటు కంపెనీలు వేసే తీర్పుల పుస్తకాలుండేవి. ఒక్కటి కొనాలంటే నాకు సీనియరుగారిచ్చే నెల డబ్బులు చాలవు. ఆ తగాదాల్లో చాలావాటికి మూలమైన సర్కారు ప్రకటన మాత్రం ఇక్కడ ఎవరికైనా కాఫీ ఖర్చుకన్నా చవగ్గా దొరుకుతోంది, చదువుకుంటానంటే అదీ అక్కర్లేదు. ఈ ఏర్పాటు ఎవరి బుర్రలో పుట్టిందో గాని, పెద్ద మనసున్న బుర్రే అనిపించింది. సర్కారు చేసే పనుల్లో నాకు అంతగా నచ్చినవి ఎక్కువ లేవు.

ఉప్పెన వచ్చిన మరుసటేడు అది. దివిసీమలో ఇళ్లు పోయినవాళ్లకు కాలనీలు కట్టడానికి ఊరూరా భూములు తీసుకుంటున్నారు. తీసుకోబోయే సర్వే నంబర్లు జిల్లా గెజిటులో వేస్తారు. అభ్యంతరమున్నవాళ్లు ప్రకటించిన రోజు నుంచి ముప్ఫై రోజుల్లోగా చెప్పుకోవాలి. గడువు దాటితే ఎంత న్యాయమైన మాటైనా వినరు.

శ్రావణమాసంలో ఒక రోజు అవనిగడ్డ అవతల నుంచి ఒకావిడ మా ఆఫీసుకొచ్చింది. నలభై దాటి ఉంటాయి. భర్త, ఇల్లు, గొడ్లు అన్నీ ఉప్పెనలో పోయాయి. మిగిలింది ఎకరం పావు చేను, అదీ సముద్రపు నీళ్లు నిలిచి ఉప్పు పట్టింది. ఆ చేనూ లిస్టులో ఉందని కరణంగారు ముందురోజే చెప్పారట. ప్రకటన అంటించడానికి ఊళ్లో చావడే లేదు, అదీ కొట్టుకుపోయింది. సాయం పంచే డేరా గుంజకి కట్టిన కాగితాన్ని గాలి ఎటు తీసుకుపోయిందో ఎవరికీ తెలియదు.

"ఇళ్లు కట్టొద్దని నేననట్లేదమ్మా, నాకూ ఇల్లు లేదు" అంది. "బీడని రాశారంట. బీడు కాదు. కాలవ నీళ్లు పెట్టి, నిలవుంచి, దించేసి, మళ్లీ పెట్టి, మూడుసార్లు కడిగాను. ప్రతిసారీ ఆ నీళ్లు నాలిక మీదేసుకుని చూశాను. మూడోసారి ఉప్పు లేదు. నారు పోశాను, మొలిచింది. అదీ పోతే కూలికి పోవటమే నేను."

సీనియరుగారు ఆ రోజు గుడివాడ కోర్టులో ఉన్నారు. ఇదేదో నేనే తేల్చేస్తే బాగుంటుందని లోపల ఉత్సాహం. ఆవిణ్ణి వెంటబెట్టుకుని కలెక్టరాఫీసుకి వెళ్లాను. గుమాస్తాగారు సంచిక తీసిచ్చారు. ఆవిడ సర్వే నంబరు ఉంది, ఎదురుగా బీడు అనీ ఉంది. పైన తేదీ చూసి వేళ్ల మీద లెక్కపెట్టాను. ముప్ఫై తొమ్మిది రోజులు.

"గడువు దాటి తొమ్మిది రోజులైందమ్మా. ఇంకేం చెయ్యలేం" అన్నాను. డాక్టరు పెదవి విరిచినట్టు గంభీరంగా చెప్పానేమో కూడా.

ఆవిడ ఏడవలేదు. "ఆ కాయితం నాకొకటి ఇప్పించండి బాబుగారూ. చేను పోయినా, పోయినట్టు కాయితమన్నా నా దగ్గరుండాల" అని కొంగుముడి విప్పింది.

గుమాస్తాగారు ధర తీసుకున్నారు. ఇంత జరిగాక కూడా తీసుకుంటున్నాడే అని నాకు ఒళ్లు మండిపోయింది. రసీదు రాసి ఆవిడకిచ్చి, రసీదు పుస్తకం వెనక్కి తిప్పి నా వైపు జరిపారు.

"అమ్మాయిగారూ, ఈ సంచికకి నేను రాసిన మొదటి రసీదు ఇదండీ. తేదీ చూడండి."

చూశాను. పన్నెండు రోజుల కిందటిది.

"అదేమిటండీ? సంచిక మీద తేదీ..."

"అది అచ్చవ్వాల్సిన తేదీనండీ. ఉప్పెన సాయం ఫారాలతో, జాబితాలతో మన ప్రెస్సుకి ఊపిరాడలేదు. వారం వారం రావాల్సిన గెజిటు వెనకబడింది. వారం తప్పకూడదు కాబట్టి ఎప్పుడు అచ్చేసినా ఆ వారం తేదీయే వేస్తారు. ఇది ఈ బల్ల మీదికొచ్చింది ఆ పొద్దునే. వచ్చిన గంటలో మొదటిది అమ్మాను."

నాకింకా బుర్రకెక్కలేదు. ఆయన నెమ్మదిగా అన్నారు.

"డబ్బులిస్తానన్నా దొరకని కాగితం ప్రకటించినట్టెట్లా అవుతుందండీ? మనిషి కొనుక్కోగలిగిన రోజే ప్రకటించిన రోజు. ఈవిడకింకా పద్దెనిమిది రోజులున్నాయి."

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. అచ్చులో ఉంది కదా అని తేదీని నమ్మి, ఒక మనిషిని ఒట్టి చేతులతో ఇంటికి పంపబోయాను. ఆ బల్ల వెనక ఇంకెవరైనా ఉంటే నా మాటతో ఆవిడ బస్సెక్కేసేది. పిసినారితనం అనుకున్న ఆ రసీదులే లేకపోతే చెప్పడానికి సాక్ష్యమూ ఉండేది కాదు. ఆ సాయంత్రమే అభ్యంతరం రాసి దాఖలు చేశాం.

విచారణ రోజు ప్రభుత్వం తరఫున గడువు దాటిందన్నారు. నేను లేచి, గెజిటు గుమాస్తాగారిని రసీదు పుస్తకంతో పిలిపించమని గొప్పగా అడిగాను. ఆయన వచ్చి, మొదటి రసీదు చూపించి, మాకు చెప్పిందే చెప్పారు. విచారించే ఆఫీసరుగారు ఆఫీసు కాపీ తెప్పించారు. దాని వెనక, పాత తేదీన ప్రకటించినట్టు రాసి సంతకం ఉంది.

"ఈ సంతకం ఎవరిది?"

"నాదేనండీ."

"అంటే అబద్ధం రాశారా?"

"రాశానండీ. వారం తప్పినట్టు కనపడకూడదని ప్రతి సంచికకీ అట్లాగే రాస్తున్నాను. రసీదు మీద తేదీ నిజమండీ."

మా సీనియరుగారు నన్ను కూర్చోమని సైగ చేశారు. అప్పుడు గాని నాకు అర్థం కాలేదు, రసీదు పుస్తకం నా ముందుకు జరిపిన రోజే, తన సంతకం బయటపడుతుందని గుమాస్తాగారికి తెలుసని. ఆయన ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. నేను గొప్పకి పిలిపించినందుకు ఆ నిమిషంలో చెంపలేసుకోవాలనిపించింది.

అభ్యంతరం గడువులోనే వచ్చిందని ఒప్పుకున్నారు. ఆఫీసరుగారు స్వయంగా చేను చూడ్డానికి వెళ్లారు, మేమూ వెళ్లాం. మడి నిండా పచ్చటి నారు. ఆవిడ గట్టు దిగి దోసిట్లో నీళ్లు తెచ్చి, "చూడండి బాబూ" అంది. ఆయన కాసేపు తటపటాయించి, వేలు ముంచి నాలిక్కి రాసుకుని, తల ఊపారు. ఆ మంచి ఆఫీసరుని కూడా ఈ సందర్భంలో తలుచుకోవాలి. కాలనీకి కాలవ గట్టు దగ్గర సర్కారు మెరక భూమి చూశారు. ఆవిడ సర్వే నంబరు తీసేసినట్టు రెండు నెలలకి గెజిటులో సవరణ పడింది. అప్పటికి ఆ చేను పొట్ట మీదుంది, కంకులు వెయ్యబోతోంది.

ఆ నెలలోనే గుమాస్తాగారికి రెండు ఇంక్రిమెంట్లు ఆపేశారని తెలిసింది. తప్పుడు సంతకం చేసినందుకు. అట్లా రాయమన్న పైవాళ్లకు ఏమీ కాలేదు. నేను మండిపడుతూ ఆయన దగ్గరికి వెళ్లి, అప్పీలు నేను రాస్తాను, ఫీజు అక్కర్లేదు, ఎంత దూరమైనా వెళ్దామన్నాను.

"వద్దండీ. సంతకం నాదే కదా" అన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "మా ఇంట్లో ఆవిడ మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు. ఎకరం పావు సంగతి చెప్పాక మాట్లాడింది."

అంతకు మించి ఆయన ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు. బల్ల దగ్గరికి ఇంకో రైతు వస్తే లేచి సంచిక తియ్యడానికి వెళ్లిపోయారు.

చేను దక్కిన సంగతి గెజిటులో అచ్చయింది, ధర పెట్టి అమ్మారు, ఇప్పటికీ ఏ పాత కట్టలోనో ఉండే ఉంటుంది. ఆయన ఇంక్రిమెంట్లు ఆపిన ఉత్తర్వు ఎందులోనూ అచ్చు కాలేదు. ఆయన తప్ప ఇంకెవరూ చదవని ఆ ఒక్క కాగితం గురించి ఇన్నాళ్లకి నేనిక్కడ రాస్తున్నాను.