ట్రౌట్‌మన్ సీలు

పద్దెనిమిదేళ్లప్పుడు లైల్ మిహాలిక్ ముందు రెండు చదువులుండేవి. ఒకటి ఇంజనీరింగు, రెండోది ఇంజనీరింగ్ టెక్నాలజీ. మొదటిదాంట్లో లెక్కలూ సిద్ధాంతాలూ ఎక్కువ, రెండోదాంట్లో చేతిపని ఎక్కువ. లైల్‌కు లెక్కలంటే ఒళ్లుమంట. పేర్లలో ఒక్క మాటేగా తేడా అనుకుని రెండోది పట్టాడు. మంచి చదువే, వెంటనే ఉద్యోగమూ దొరికింది. కాకపోతే కట్టడాల ప్లాను సరైనదేనని దానిమీద సీలు వేసే లైసెన్సుకు ఆ చదువుతో దారి కొన్ని రాష్ట్రాల్లో చాలా దూరం, కొన్నింట్లో లేనే లేదు. లైల్ ఉన్నచోట లేదు. చేరేనాడు అతను అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఒహాయో నది ఒడ్డున బెల్డన్ అనే ఆ చిన్న ఊళ్లో అందరూ అతన్ని ఇంజనీరనే పిలిచేవారు. ప్రతిసారీ కాదని చెప్పడానికి బద్ధకించి, అతనూ పలకడం మొదలుపెట్టాడు.

చాలా ఏళ్లు ఏ గొడవా లేకుండా గడిచాయి. లైల్ ప్లాను గీసేవాడు. అతను పనిచేసే ఆఫీసు యజమాని ట్రౌట్‌మన్ లైసెన్సున్న మనిషి. ప్రతి గీతా పట్టిపట్టి చూసి, నాలుగు తిట్లు తిట్టి, అప్పుడు సీలు వేసేవాడు. పెద్దవాడయ్యాక ఆయనకు మతిమరుపు మొదలైంది. చూడటం తగ్గింది, తిట్లూ తగ్గాయి. ఆ తిట్లు ఆగినప్పుడే లైల్ భయపడాల్సింది. పీడా పోయిందనుకున్నాడు, తెలివితక్కువవాడు. ఒకనాడు ముసలాయన సీలు బల్లమీద పడేసి, "నువ్వే వేసుకోవోయ్, ఊరికే నన్ను లేపకు" అన్నాడు. అప్పటినుంచి లైలే వేస్తున్నాడు.

చర్చిని ఆనుకుని కట్టిన కొత్త హాలు అలా లేచిందే. చర్చి గోడ బాగా ఎత్తు, హాలు కప్పు పల్లం. గాలికి మంచు ఎగిరివచ్చి ఆ గోడ వారన కప్పు మీద ఎంత బరువు పేరుకుంటుందో లైల్ ఒక లెక్క వేశాడు. కప్పు ఆగుతుందిలే అనుకున్నాడు.

ఈస్టర్‌కు ముందు శుక్రవారాల్లో మాంసం ముట్టరు కనుక, వేపుడు చేప తినడానికి ఊరంతా ఆ హాల్లో చేరుతుంది. ఆ శుక్రవారానికి మంచు రెండు రోజులుగా పడుతూనే ఉంది. లైల్ పళ్లెంలో చేప చల్లారిపోతోంది, కళ్లు మాటిమాటికీ చర్చి గోడవైపు పోతున్నాయి. సరిగ్గా ఆ గోడ పక్కనే అతని భార్య డార్లీన్ వరసలో వచ్చినవాళ్లకు క్యాబేజీ వడ్డిస్తోంది. ఎదురుగా కూతురు కొరీన్ కూర్చుంది. దానికీ అవే రెండు చదువుల్లో చోటు దొరికింది.

"తేల్చుకున్నా నాన్నా. టెక్నాలజీయే."

"ఎందుకే?"

"ఎందుకేంటి? నువ్వు చదివిందదేగా. ఇంజనీర్లు చేసేవన్నీ చేస్తున్నావు, సీలు కూడా వేస్తున్నావు. ఆఫీసుకొచ్చినప్పుడు చూశాగా. ఇంక ఆ లెక్కల గోల నాకెందుకు? సోమవారం కాలేజీకి చెప్పేస్తా."

పైన ఏదో కిర్రుమంది. పక్కబల్లవాళ్లు తలెత్తి చూసి, మళ్లీ తిండిలో పడ్డారు.

నిజం చెబితే ఉద్యోగం పోతుంది, కేసు పడుతుంది, ముసలాయన పరువు బజారున పడుతుంది. చెప్పకపోతే ఈ పిల్ల తండ్రి దొంగపనిని చూసి బతుకు ఎంచుకుంటుంది.

"ఆ సీలు నాది కాదమ్మా, ముసలాయనది. దాన్ని వేసే హక్కు నాకు లేదు. ఈ చదువుతో ఇక్కడ ఆ లైసెన్సు రాదు."

"అయితే ఏమైంది, ఆయన చూశాకేగా వేసేది?"

లైల్ తలెత్తి కప్పువైపు చూశాడు. కొరీన్ ఫోర్కు కింద పెట్టి తానూ అటు చూసింది.

"నాన్నా, ఈ హాలు ప్లాను ఎవరు చూశారు?"

"ఎవరూ చూడలేదు."

కొరీన్ ఇంకో మాట అడగలేదు. గబగబా వెళ్లి తల్లి చేతిలో గరిటె లాగేసి, కోటు కూడా వేసుకోనివ్వకుండా తలుపువైపు నడిపించింది. వేదికమీద లాటరీ నంబర్లు చదువుతున్న ఫాదర్ దగ్గర లైల్ మైకు అందుకున్నాడు. తాను ఇంజనీరును కానని, ఈ కప్పును లైసెన్సున్నవాళ్లెవరూ చూడలేదని, అందరూ వెంటనే బయటికి వెళ్లాలని చెప్పాడు.

జనం విరగబడి నవ్వారు. వెనకబల్ల నుంచి ఎవరో, "సరేలే ఇంజనీరు, ముందు నంబరు చదవనీ" అన్నారు. ఒక్కరూ లేవలేదు.