ఎండకి సాగిన స్విమ్‌సూట్

ఆ రోజుల్లో లోతు నీళ్ళంటే నాకున్న భయం కన్నా, మా అత్తయ్యగారంటే ఉన్న భయమే ఎక్కువ. పెళ్ళయి ఆరు నెలలు. నడుంనొప్పికి ఈత మంచిదని డాక్టరు చెప్పడంతో, ఆఫీసుకి వెళ్ళేముందు పటమటలో స్విమ్మింగ్ పూల్‌లో ఆడవాళ్ళ బ్యాచ్‌లో చేరాను. ఇంట్లో మాత్రం యోగా క్లాసని చెప్పాను. (మా ఆయనకి తెలుసు. వాళ్ళమ్మ ముందు ఆయన ధైర్యం నాకన్నా తక్కువ.) స్విమ్‌సూట్‌ని మంచినీళ్ళలో జాడించి, పిండకుండా నీడలో ఆరేయాలని కోచ్ మేడం మరీమరీ చెప్పింది. భవానీపురంలో మా ఇంట్లో నీడకి లోటు లేదు, చాటుకే లోటు. పెరట్లో తీగ మీద వేసి, పైన దుప్పటి కప్పి, ఆఫీసులో కూర్చుని గాలి వీచినప్పుడల్లా హడలిపోయేదాన్ని.

ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి అది మడతపెట్టి నా మంచం మీద ఉంది. వంటింట్లోంచి అత్తయ్యగారు, "నీ యోగా బట్టలు వాసనొస్తున్నాయమ్మా. వేడినీళ్ళలో నానబెట్టి, బ్రష్షు కొట్టి, డాబా మీద ఎండలో వేశాను" అన్నారు. ఇంకేమీ అడగలేదు. అడగకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మర్నాడు నీళ్ళలోకి దిగానో లేదో, పట్టీలు మోచేతుల దాకా జారాయి, మిగతాది సంచిలా ఉబ్బింది. ఎలాస్టిక్ మొత్తం పోయింది. గట్టు పట్టుకుని మెడదాకా మునిగి వణుకుతుంటే మేడం ఏమైందని అడిగింది. సిగ్గుతో నోరు పెగల్లేదు. నాకేదో అయిందనుకుని ఆవిడ నేను చేరినప్పుడు నింపిన ఫారంలో ఉన్న నంబరుకి ఫోన్ చేసేసింది. మా ఆయన ఇబ్రహీంపట్నం డ్యూటీలో ఫోన్ తీయరని, అక్కడ నేను రాసింది అత్తయ్యగారి నంబరు.

ఎవరో ఇచ్చిన తువ్వాలు చుట్టుకుని పైకొచ్చి, బట్టలు మార్చుకుని, ఉరిశిక్ష పడ్డదానిలా బెంచీ మీద కూర్చున్నాను. ఆటో దిగిన అత్తయ్యగారి కాళ్ళకి రెండు రకాల చెప్పులున్నాయి. వస్తూనే నా మణికట్టు పట్టుకున్నారు.

"మునిగిపోయావనుకున్నానమ్మా. దారంతా ప్రార్థన చేసుకుంటూనే వచ్చాను."

సాగిపోయిన స్విమ్‌సూట్ చూపించి జరిగింది చెప్పాను. "మీరేమంటారోనని ముందు చెప్పలేదండీ."

"ఏమంటాను? ఎలా ఆరేయాలో చెప్పుంటే పాడయ్యేది కాదు కదా."

ఇల్లు చేరేదాకా నా చెయ్యి వదల్లేదు. ఇప్పుడు నేను పూల్ ఈ చివర్నించి ఆ చివరికి ఆగకుండా ఈదగలను. తల తుడుచుకుంటూ గట్టు మీద కూర్చున్నప్పుడు ఒక్కోసారి ఆ కొత్తకోడలు గుర్తొస్తుంది. ఒక్క మాట చెప్పేస్తే పోయేదానికి పాపం ఎంత భయపడిందో అనుకుంటే నవ్వొస్తుంది. దాన్ని దగ్గరికి తీసుకుని జుట్టు ఆరబెట్టాలనీ అనిపిస్తుంది.