మూడోసారి వచ్చిన క్లచ్ కంప్లైంట్

రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, వానాకాలం మొదట్లో, నన్ను పటాన్‌చెరు కార్ల వర్క్‌షాపుకు ఫ్లోర్ ఇన్‌ఛార్జిగా వేశారు. ఫ్లోర్ ఇన్‌ఛార్జి అంటే మెకానిక్‌లకు పైన, సర్వీస్ మేనేజరుకు కింద. బండి బాగుపడితే పేరు మేనేజరుకు వెళ్తుంది, తిరిగొస్తే తిట్లు మాకు మిగులుతాయి. పని పూర్తయిన ప్రతి బండినీ నడిపి చూసి చేయాల్సిన పని రాసుండే జాబ్ కార్డు మీద చివరి సంతకం పెట్టేది కూడా ఇన్‌ఛార్జే. నేను చెప్పబోయే బండి విషయంలో నా సంతకం రెండుసార్లు తప్పయింది. ముందే ఒప్పుకుంటే మంచిదని చెబుతున్నాను.

ఆ బండి దగ్గర్లోని ఒక ప్రెస్ షాపు వారిది. ఇనుప రేకులను పెద్ద ప్రెస్ మిషన్ల కింద నొక్కి విడిభాగాలు తయారు చేసే ఫ్యాక్టరీ అది. కిష్టారెడ్డిపేట అపార్టుమెంట్ల నుంచి ఇంజినీర్లను పొద్దున తెచ్చి సాయంత్రం దింపేందుకు ఆ కారు వాడేవారు. దాన్ని నడిపే మొయిజ్ భాయి సదాశివపేట మనిషి. కారును రోజూ అద్దంలా తుడిచి పెట్టేవాడు. అతని ఫిర్యాదు ఒక్కటే: క్లచ్ పూర్తిగా తొక్కినా వదలడం లేదు, ఫస్ట్ గేరు ఎక్కడం లేదు, రివర్స్ వేస్తే కర్రుమంటోంది.

మొదటిసారి క్లచ్ సెట్ మొత్తం మార్చాం. వారం బాగా నడిచి మళ్లీ వచ్చింది. రెండోసారి గేర్‌బాక్స్ దించి, క్లచ్ ప్లేటు సరిగ్గా కూర్చుందో లేదో చూసి, మళ్లీ బిగించాం. ఇంకో వారానికి మూడోసారి వచ్చింది. ఇలా తిరిగొచ్చే బండిని మా దగ్గర రిపీట్ అంటారు. ఒక రిపీట్ అయితే పని చేసిన మెకానిక్‌కు వార్నింగు, రెండైతే ఇంటికే.

ఆ పని చేసినవాడు యాదగిరి. కొండాపూర్ మండలంలోని ఒక ఊరి నుంచి రోజూ బైకు మీద వచ్చేవాడు. అతని తల్లిదండ్రులు జీవితమంతా ఇతరుల పొలాల్లో కూలికి పోయినవాళ్లు. ఆ ఇంట్లో నెల జీతం చూసిన మొదటి మనిషి అతనే. చేతిలో పనితనం ఉంది, నోట్లో మాట లేదు. మేనేజరు శ్రీధర్ అతన్ని తీసేయాలని నిర్ణయించేశాడు. మధ్యాహ్నం ఫ్యాక్టరీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసరు వస్తున్నాడనీ, తప్పు ఎవరిదో ఆయనకు చూపించక తప్పదనీ నాతో అన్నాడు. గేర్‌బాక్స్ విప్పించి లోపల కూడా చూద్దామన్నాడు. మధ్యాహ్నం వరకు బండి నాకు వదలమని అడిగాను. ఒప్పుకున్నాడు కానీ, అతన్ని తీసేసే మెమో టైపు చేయించి టేబుల్ మీద పెట్టుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. నేను నడిపి చూసి సంతకం పెట్టిన బండికి యాదగిరి ఒక్కడే బాధ్యుడు ఎలా అవుతాడు?

మొదట పెడల్ కింద మ్యాట్ అడ్డం పడిందేమో చూశాను, లేదు. ఇంజన్ ఆపి గేర్లన్నీ వేశాను. వెన్నలా పడ్డాయి. స్టార్ట్ చేసి వేస్తే ఒక్కటీ పడలేదు. అంటే గేర్‌బాక్స్‌లో లోపం లేదు. పెడల్ తొక్కినా ప్లేటు ఇంజన్‌ను వదలకుండా ఈడ్చుకుంటూ తిరుగుతోంది. తప్పు ప్లేటుదా, లేక ప్లేటును విడదీసే కదలిక అక్కడి దాకా రావడం లేదా అన్నదే ఇక తేలాలి.

ఆ మోడల్‌లో క్లచ్‌కు తీగ ఉండదు. పెడల్ తొక్కితే పైన మాస్టర్ సిలిండర్, బానెట్ కింద ఉండే చిన్న డబ్బాలోంచి వచ్చే బ్రేక్ ఆయిల్‌ను గొట్టంలోకి తోస్తుంది. ఆ ఒత్తిడికి కింద చిన్న సిలిండర్ తన కడ్డీని బయటికి నెట్టి క్లచ్‌ను విడదీస్తుంది. బండిని లిఫ్ట్ మీద ఎత్తి, యాదగిరిని సీట్లో కూర్చోబెట్టి తొక్కమన్నాను. కింద నిలబడి ఆ కడ్డీ కదలికను స్కేలుతో కొలిచాను. రావలసిన దానిలో సగమే వచ్చింది. నాలుగైదుసార్లు గబగబా తొక్కమంటే పెరిగింది, ఆపగానే మళ్లీ తగ్గింది. బయట ఎక్కడా చుక్క కారడం లేదు.

లిఫ్ట్ కింద ఒక్కణ్నే నవ్వుకున్నాను. రెండుసార్లు గేర్‌బాక్స్ దించి మేము వెతికిన చోట లోపమే లేదు. ఆ ఒత్తిడి పైనే ఎక్కడో జారిపోతోంది.

అప్పుడు యాదగిరిని కిందికి పిలిచి, రెండుసార్లు పని చేసినప్పుడూ ఏమైనా తేడాగా కనిపించిందా అని అడిగాను.

“క్లచ్‌ల ఏం లేదు సార్. ఆయిల్ డబ్బా మూత కింద రబ్బరే జెర పెద్దగైనట్టు ఉండె. మూత బిగుసుకోకపోతే, లోపటికి నొక్కి పెట్టిన.”

“మరి గప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా?”

“కార్డుల క్లచ్ అనే రాసి ఉండె సార్. మూత ముచ్చట చెప్తే, నీకెందుకు, నీ పని నువ్వు చేస్కో అంటరని...”

నిజమే. మా వర్క్‌షాపులో జాబ్ కార్డు మీద ఉన్న పని చేయాలి, లేనిది మాట్లాడకూడదు. ఆ పద్ధతి నడిపించే వాళ్లలో నేనూ ఒకణ్ని. నేను కూడా డబ్బాలో ఆయిల్ గీత దాకా ఉందో లేదో బయటి నుంచి చూసి సంతకం పెట్టానే తప్ప, మూత తీయలేదు.

ఇప్పుడు తీశాను. రబ్బరు అప్పడంలా పొంగి వంకరలు తిరిగి ఉంది. బ్రేక్ ఆయిల్ తగిలితే ఆ రబ్బరుకు ఏమీ కాదు. అది అలా ఉబ్బిందంటే, డబ్బాలో ఇంకేదో ఆయిల్ కలిసింది.

మధ్యాహ్నం ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసరూ, మొయిజ్ భాయీ వచ్చేసరికి బానెట్ ఎత్తి పెట్టి, క్యాంటీన్ నుంచి రెండు చాయ్ గ్లాసులు తెప్పించి నీళ్లు పోసి ఉంచాను. శ్రీధర్ చేతిలో మెమో ఉంది. కొత్త సీసాలోని బ్రేక్ ఆయిల్ ఒక గ్లాసులో నాలుగు చుక్కలు వేశాను. నీళ్లలో కలిసిపోయింది. కారు డబ్బాలో పైపైన ఉన్నదాన్ని సిరంజితో తీసి రెండో గ్లాసులో వేశాను. బంగారు రంగులో నీళ్ల మీద తేలి అలాగే నిలబడింది. అందరూ వంగి చూశారు. ఇన్నేళ్ల సర్వీసులో నాకు అంత గొప్పగా అనిపించిన క్షణాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మొయిజ్ భాయి దాచలేదు. వాళ్ల ఫ్యాక్టరీలో డ్రైవరు రోజూ పొద్దున ఆయిల్, నీళ్లు అన్నీ నిండుగా ఉన్నాయని షీటులో టిక్కు పెడితేనే గేటు దాటనిస్తారు. ఒకరోజు ఆ డబ్బాలో కొంచెం తగ్గినట్టు కనిపించింది. మెయింటెనెన్స్ వాళ్లను అడిగాడు.

“ప్రెస్ మిషన్ల పోసే ఆయిల్ ఇచ్చిన్రు సాబ్. ఏక్ నంబర్ మాల్! గంత పెద్ద మిషన్‌ను నడిపిచ్చేది మన కారుకు ఖరాబ్ చేస్తదని నాకేం ఎరుక? బండికి మంచిగుంటదని పోసిన.”

అతన్ని ఒక్క మాట అనబుద్ధి కాలేదు. ప్రెస్ షాపు మనుషులు తప్ప ఇంకెవరూ చేయలేని తప్పు అది. అక్కడ ఆ ఆయిల్‌కు ఉన్న గౌరవం అలాంటిది. నేను ఆఫీసరుకు విషయం వివరించాను. ప్రెస్ ఆయిల్ తేలిక కాబట్టి డబ్బాలో పైన తేలుతుంది. క్లచ్‌కు వెళ్లే గొట్టం డబ్బాకు పై భాగంలో ఉంటుంది, అందుకే అది ముందు క్లచ్‌లోకి దిగి, మాస్టర్ సిలిండర్ రబ్బర్లను ఉబ్బించి, ఒత్తిడి నిలవకుండా చేసింది. మేము కొత్త ఆయిల్ పోసి గొట్టంలోని గాలి తీసినప్పుడల్లా వారం రోజులు బాగుండటం, తర్వాత మళ్లీ మొదటికి రావడం అందువల్లే. అయితే అదే డబ్బా కింది భాగం నుంచి బ్రేకులకు ఆయిల్ వెళ్తుంది. ఇంకొన్నాళ్లు నడిచి ఉంటే ముంబై హైవే మీద ఇంజినీర్లతో పోతున్న బండికి బ్రేకులు పడేవి కావని చెప్పాను.

ఆఫీసరు ముఖం పాలిపోయింది. ఇది కనిపెట్టింది ఎవరని అడిగాడు.

“కొలిచింది నేను. చూసింది యాదగిరి,” అన్నాను.

శ్రీధర్ మెమోను నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాడు. అతని మీద నాకున్న కోపం అక్కడితో సగం తగ్గింది. యాదగిరి రెంచీ తీసుకుని లిఫ్ట్ దగ్గరికి వెళ్లి పని మొదలుపెట్టాడు. క్లచ్‌లోనూ నాలుగు చక్రాల బ్రేకుల్లోనూ ఉన్న ప్రతి రబ్బరునూ, ప్రతి హోస్ గొట్టాన్నీ మార్చి, ఇనుప గొట్టాలన్నీ కడిగేందుకు అతనికి రెండు రోజులు పట్టింది. నేను అమీన్‌పూర్ దాకా నడిపి చూశాను. రివర్స్ గేరు చప్పుడు లేకుండా పడింది. ఈసారి మూత తీసి చూసి సంతకం పెట్టాను. ఆ కారు నేను రిటైరయ్యే వరకు మళ్లీ క్లచ్ కోసం రాలేదు.

ఆ తర్వాత జాబ్ కార్డు కింద ఒక గడి వేయించాను. పని చేస్తున్నప్పుడు కొత్తగా ఏది కనిపించినా మెకానిక్ అందులో రాయాలి, అది చదవకుండా ఇన్‌ఛార్జి సంతకం పెట్టకూడదు. క్లచ్ వదలనప్పుడు గేర్‌బాక్స్ దించే ముందు కడ్డీ కదలికను కొలవాలని ఆ బండి నేర్పింది. అయితే నేను మధ్యాహ్నం దాకా స్కేలు పట్టుకుని తేల్చిన దానికి ఆధారం రెండు వారాలుగా యాదగిరి దగ్గరే ఉంది. నేను అడగలేదు.