మూసేశారక్క

ఆమెకు ఒక సొంత పేరు ఉండేదన్న సంగతి ఊరు ఎప్పుడో మరిచిపోయింది. కూరగాయలవాడి దగ్గర్నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరికీ ఆమె మూసేశారక్కే. బస్సు దిగిన యాత్రికులు ఆమె సైకిళ్ళ షాపు ముందుకొచ్చి, పాత గుళ్ళకు నడిచిపోయే వెనకదారి ఇదేనా అని అడగడం ఆలస్యం, పంక్చరు వేస్తున్న చెయ్యి ఆపకుండానే "మూసేశారు" అనేది. ఇంకేముంది, పెద్దరోడ్డు చుట్టూ తిరిగి పోవాలి. దానికి ఆమె దగ్గర సైకిలైనా అద్దెకు తీసుకోవాలి, పక్కనే ఆగి ఉన్న తమ్ముడి ఆటో అయినా ఎక్కాలి.

భర్త చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయిన ఏడాది మొదలైన మాట అది. ఆ మాట మీదే తమ్ముణ్ణి ఓ ఇంటివాణ్ణి చేసింది, షాపు మీద గది వేసి అద్దెకిచ్చింది. ఉత్తి మాటైతే ఎంతకాలం నిలుస్తుందని ఎర్రరంగు బోర్డొకటి రాయించి దారి మొదట్లో కట్టింది కూడా. గుళ్ళ కాపలాదారు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. రోజూ అతనికి టీ ఆమె దగ్గరే మరి. పొట్టకూటి కోసం ఆడిన అబద్ధానికి పాపం ఏముంటుందని ఆమె ధీమా.

వానలు వెలిశాక ఒక ఉదయం, కాపలాదారుకు ఫ్లాస్కు ఇవ్వడానికి అదే దారిన వెళ్ళింది. మధ్యలో పాత రాతి వాకిలి ఉంది. దాని పైదూలం ఒక స్తంభం మీంచి జారి, అంచు మీద వేలాడుతోంది. సందులోంచి సన్నగా ఇసుక రాలుతోంది. అరచెయ్యి పట్టి చూసింది. చూస్తుండగానే చెయ్యి నిండింది. కాపలాదారును కేకేసింది.

కాపలాదారు వచ్చి చూసి బుర్ర గోక్కున్నాడు. "ఆఫీసుకు ఫోన్ చేశానక్కా. వచ్చేవారం మనుషుల్ని పంపుతారట."

"అందాకా?"

"అందాకా ఏముంది, నీ బోర్డు ఉందిగా."

ఆ మధ్యాహ్నమే పైగది అమ్మాయి మెట్లు దిగింది. తనకంటే పెద్ద సంచీ మోసుకుంటూ దేశాలు తిరిగే పిల్ల. వారం రోజుల్లోనే ఈ భాష ముక్కలు ముక్కలుగా పట్టేసింది, షాపులో కూర్చుని ట్యూబులకు గాలి కొట్టేది. ఆమెకు ఆ పిల్లంటే ముద్దు. పిల్లలు లేని ఇంట్లో ఆ గలగల బాగుండేది.

"ఆంటీ, వెనకదారిలో వెళ్తున్నా."

"మూసేశారు" అంది ఆమె. అలవాటుగా అదే మాట వచ్చింది.

అమ్మాయి పకపకా నవ్వి ఫోను చూపించింది. అందులో ఆ ఎర్ర బోర్డు పక్కన నిలబడి ఇకిలిస్తున్న మొహాలు బోలెడు. కింద ఎవరో రాశారు: షాపు ఆంటీ దారి మూసేశారంటుంది, నవ్వేసి వెళ్ళిపోండి, దారి బ్రహ్మాండంగా ఉంటుంది.

"అవునమ్మా, ఇన్నేళ్ళూ అబద్ధమే చెప్పాను. ఇవాళ మాత్రం నిజం. రాయి పడేట్టుంది."

"చాలా బాగా యాక్టింగ్ చేస్తున్నావ్ ఆంటీ."

"డబ్బులొద్దు తల్లీ. తమ్ముడు ఊరికే తీసుకెళ్తాడు."

ఆ మాటతో ఉన్న కాస్త నమ్మకమూ పోయింది. ఈ వీధిలో ఊరికే వచ్చేదేదీ ఉండదని కూడా ఫోనులోనే రాసి ఉందట. అమ్మాయి ఆమె బుగ్గ గిల్లి వెళ్ళిపోయింది.

సాయంత్రం దాకా ఆమెకు చేతులాడలేదు. చీకటి పడేవేళకు అమ్మాయి క్షేమంగా తిరిగొచ్చింది. ఆమె ప్రాణం లేచొచ్చింది, కానీ ఆ ఊరట ఎంతోసేపు నిలవలేదు.

"దారి బాగుంది ఆంటీ. అందరికీ చెప్పేశా. రేపు పొద్దున లాడ్జీలో వాళ్ళంతా నాతో వస్తారు." ఫోటో చూపించింది. నవ్వుతున్న మొహం వెనక దూలం, పొద్దుటికంటే ఇంకాస్త జారి ఉంది. వేలు పెట్టి చూపిస్తే, పాత గుళ్ళన్నీ అలాగే ఉంటాయి కదా అంది అమ్మాయి.

"నువ్వైనా చెప్పరా" అని తమ్ముణ్ణి బతిమాలింది.

"నేను చెబితే అసలు నమ్మరక్కా. ఆటో నాదేగా."

తెల్లవారగానే పీట చంకన పెట్టుకుని బయల్దేరింది. దారి మొదట్లో కూర్చుంటే పక్కనుంచి పొలంలోకి దిగి పోతారు. మనిషి అడ్డంపడటానికి పనికొచ్చే ఇరుకు ఆ వాకిలి ఒక్కటే. సరిగ్గా మధ్యలో పీట వేసుకుని కూర్చుంది. ఒళ్ళో ఇసుక పడుతూనే ఉంది. దులపడం మానేసింది.

కాసేపటికి నవ్వులు వినిపించాయి. ముందు అమ్మాయి, వెనక లాడ్జీ గుంపు, వీపుల మీద సంచులు.

"మూసేశారు" అంది, రెండు చేతులూ చాపి.

గుంపంతా ఒకే గొంతుతో "మూసేశారు" అని నవ్వింది. పొద్దున్నే ఇంత దూరం వచ్చి కూర్చున్న ముసలామె వాళ్ళకు భలే నచ్చేసింది. ఫోన్లు బయటికి వచ్చాయి. దాటిపోతారేమోనని అడ్డం కూర్చుంటే, ఒక్కరూ దాటలేదు. అందరూ ఆమె చుట్టూ మూగారు. అమ్మాయి ఆమె భుజం మీద చెయ్యి వేసి మొహం ఆనించింది.

"ఇంకా దగ్గరికి జరగండి, అందరూ రావాలి" అన్నాడు ఫోను పట్టుకున్నవాడు. "ఆంటీ, ఇంకోసారి ఆ మాట."

ఒళ్ళో ఈసారి ఇసుక కాదు, పిడికెడంత రాయి పడింది.

"పరుగెత్తండి" అంది ఆమె.

ఆ మాట ఫోనులో ఎవరూ రాయలేదు. ఎవరూ నవ్వలేదు. పరుగెత్తాల్సినవాళ్ళు ఉన్నచోటే నిలబడి, తలలెత్తి పైకి చూశారు.