మేస్త్రీల తోలుచుట్ట మీద పాత కుట్టు

క్లేటన్‌లో ఏ తెలుగువాళ్ళింట్లో శుభకార్యమైనా ముందు మోగేది కళావతి ఫోను. "ఆంటీ, జాకెట్ చేతులు ఎక్కట్లేదు", "ఆంటీ, శనివారానికి ఫాల్ కుట్టేయాలి, ప్లీజ్". పుట్టింది భీమవరం పక్కన, చదివింది ఏడో తరగతి. ఈ దేశానికొచ్చి ఇరవై రెండేళ్ళయినా ఇంగ్లీషు బస్సెక్కి దిగేంత వరకే వచ్చు. కానీ జాకెట్‌ని వెనక్కి తిప్పిందంటే దాని జాతకం మొత్తం చెప్పేస్తుంది. "ఇది ముందు మీ అక్కది కదూ? రెండుసార్లు వదులు చేశారు, ఒకసారి బిగించారు" అనేసరికి వచ్చినవాళ్ళు నోరెళ్ళబెట్టాల్సిందే.

భర్త సుబ్బరాజు గారు పోయాక ఇంట్లో కుట్టుమిషను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేకుండా పోయింది. అందుకని ముందు గది అద్దెకిచ్చింది. వచ్చిన పిల్ల పేరు లాస్య, హనుమకొండ నుంచి.

"ఐటీయా అమ్మా?"

"కాదాంటీ."

"నర్సింగా?"

"అదీ కాదు. పాతకాలం రాతిపని మేస్త్రీలు రాసుకున్న పుస్తకాల మీద పీహెచ్‌డీ చేస్తున్న."

కళావతికి నవ్వాగలేదు. "మేస్త్రీలు పుస్తకాలు రాశారా? మా ఇల్లు కట్టిన మేస్త్రీ రేపొస్తానన్న ముక్క కూడా ఏనాడూ రాసివ్వలేదే!"

లాస్య కూడా నవ్వేసింది. నవ్వించినవాళ్ళకి ఓపిగ్గా చెప్పే గుణం ఉంది ఆ పిల్లకి. ఆరేడు వందల ఏళ్ళ కిందట ఇంగ్లాండులో పెద్ద పెద్ద చర్చిలు కట్టిన రాతిపనివాళ్ళకి ఒక కట్టుబాటు ఉండేదట. ఒకడి పని ఇంకొకడు లాక్కోకూడదు, పని నేర్చుకునేవాడికి ఏడేళ్ళు నేర్పాలి, యజమాని ఇంటి గుట్టు బయటపెట్టకూడదు. ఇవన్నీ రాసి పెట్టుకున్నారు. తర్వాతెప్పుడో ఉలి ముట్టుకోని పెద్దమనుషులు ఆ రాతలే పట్టుకుని ఫ్రీమేసన్లు అని ఒక సంఘం పెట్టుకున్నారు. పనివాళ్ళ సంఘం పెద్దమనుషుల రహస్య సంఘంగా ఎలా మారిందనేదే లాస్య చదువు.

మూడేళ్ళు గడిచాయి. లాస్య చదువు చివరికొచ్చింది. గురువారం ప్రొఫెసర్ల ముందు నిలబడి తను కనిపెట్టింది చెప్పాలి. వాళ్ళు ఒప్పుకుంటే థీసిస్ ఇచ్చేయడమే. ఆ ముందు శనివారం పొద్దున్నే వచ్చి, "ఆంటీ, ఒక్కసారి లాడ్జికి తీస్కపోతరా? అక్కడికి ట్రైన్ లేదు" అంది.

కళావతి చేతిలో గరిట ఆగిపోయింది. "లాడ్జేంటే? పెళ్ళి కావాల్సిన పిల్లవి!"

"అయ్యో, ఆ లాడ్జి కాదాంటీ! ఫ్రీమేసన్ల సంఘం బిల్డింగ్‌ని లాడ్జంటరు. నా చుట్ట అక్కడుంది."

"చుట్టా? ఇంకా నయం, బీడీ అన్లేదు" అంటూనే కారు తాళాలు తీసింది.

కేరమ్ డౌన్స్ గుడి దాటి ఇంకో అరగంట. పాత ఇటుకల భవనం, దానికి కాపలాగా రాన్ అని ఒక ముసలాయన. కళావతిని కూడా లోపలికి రమ్మని టీ ఇచ్చాడు, కొబ్బరి కోరు అద్దిన కేకు ముక్క ఇచ్చాడు. తర్వాత బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి చుట్ట విప్పాడు. గొర్రెతోలు. నాలుగు ముక్కలు ఒకదాని కింద ఒకటి పెట్టి కుట్టినది. మూడున్నర వందల ఏళ్ళ కిందట ఇంగ్లాండులో ఎవరో పాత పుస్తకంలోంచి ఎత్తి రాసుకున్నది, ఎప్పుడో ఓడలో ఇక్కడికొచ్చింది.

"చూడున్రాంటీ, మొదటి ముక్కల ప్రార్థన. రెండోదాంట్ల ప్రమాణం. మూడోదాంట్ల మేస్త్రీల కథ. నాలుగోదాంట్ల నియమాలు. వేరే ప్రతులన్నిట్ల కథ ముందొస్తది, ప్రమాణం తర్వాత. ఇందులనే ఉల్టా! అంటే వీళ్ళు ప్రమాణం చేయించుకున్నంకనే కథ చెప్పిన్రు. గుట్టుగుంచుడు ఇక్కడనే షురువయింది. నా థీసిస్‌కు ఆయువుపట్టు నాలుగో చాప్టర్, అది మొత్తం దీని మీదనే."

కళావతికి ఆ రాతలో ఒక్క అక్షరం తెలియలేదు. ఆమె చూపు పోయేది ఎటూ కుట్టు మీదకే. రాన్ చుట్టని తిరగేసినప్పుడు ముక్కలు కలిసేచోట దారం పక్కన ఇంకో వరస చిల్లులు కనిపించాయి, దారం లేకుండా, ఖాళీగా. మూడు అతుకుల దగ్గరా అంతే.

పట్టుకైనా తోలుకైనా ఒకసారి సూది దిగిందంటే ఆ గుర్తు పోదు. ఈ ముక్కల్ని ఎవరో ఒకసారి విప్పి మళ్ళీ కుట్టారు.

తిరుగు దారంతా కళావతి కళ్ళ ముందు ఆ ఖాళీ చిల్లులే. లాస్య మాత్రం గురువారం ఏ చీర కట్టుకోవాలో మాట్లాడుతూనే ఉంది. చెప్తే పిల్ల మూడేళ్ళ చదువు ఏమైపోతుంది? చెప్పకపోతే రేపు ఇంకెవరైనా తిరగేసి చూడరా? అయినా ఏడో తరగతి ఆవిడ పీహెచ్‌డీకి తప్పులు పట్టడమేంటి! ఆదివారం సాయంత్రం దాకా ఉగ్గబట్టుకుంది. ఆఖరికి లాస్య చీరకి ఫాల్ కుడుతూ, దారం కొరికి, "అమ్మాయ్, నీ చుట్టని విప్పి కుట్టారే" అంది.

"విప్పి కుడితే ఏమైతది?"

"జాకెట్ చేతులు విప్పి మళ్ళీ కుట్టేటప్పుడు కుడి చెయ్యి ఎడమ వైపు పడిపోవడం నాకు ఎన్నిసార్లో అయింది. ముక్కలు తారుమారయ్యాయేమో చూసుకో."

లాస్య ముఖం ఎర్రబడింది. "ఆంటీ, ఇది జాకెట్ కాదు! ఎంతమంది పెద్దపెద్దోళ్ళు చూసిన్రు దీన్ని."

"వాళ్ళు రాత చూశారు తల్లీ. వెనక్కి తిప్పి ఎవరు చూశారు?"

లాస్య లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఇన్నేళ్ళూ తను పని చేసింది రాత ఉన్న వైపు తీసిన ఫోటోల మీదే అన్న సంగతి లోపల గుర్తొచ్చిందేమో. సోమవారం పొద్దున కళావతి లేచేసరికి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "పోదాం పాండ్రి" అంది, ముఖం చూడకుండానే.

కళావతి వంటింట్లోంచి, కింద ఉన్నది పైకి కనిపించే పల్చటి బేకింగ్ పేపర్ చుట్ట తీసుకుంది. లాడ్జిలో రాన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తోలుకి గీత పడకుండా మెత్తటి పెన్సిల్ అయితేనే అన్నాడు. పెన్సిల్ పట్టుకుంది కూడా ఆయనే. ఏ అంచు, ఏ చిల్లు అన్నది కళావతి వేలితో చూపిస్తుంటే, ఆయన కాగితం మీద ఖాళీ చిల్లులన్నీ దించాడు. పాత రోజుల చేతికుట్టు కదా, చిల్లులు సమంగా లేవు. ప్రార్థన ముక్క కింది అంచున ఒకచోట రెండు చిల్లులు అంటుకుని, పక్కన వేలెడు ఖాళీ. ఆ కాగితాన్ని ప్రమాణం ముక్క పై అంచుకి పెట్టి చూశారు. కలవలేదు. కథ ముక్క పై అంచుకి పెట్టారు. రెండు చిల్లులు, వేలెడు ఖాళీ, అచ్చుగుద్దినట్టు కూర్చుంది. కథ కింద ప్రమాణం కలిసింది, ప్రమాణం కింద నియమాలు కలిశాయి.

"అంటే ఇది కూడా మిగతావాటి లెక్కనే" అంది లాస్య. రాన్ వెళ్ళి కెటిల్ ఆన్ చేశాడు.

తిరుగు దారిలో లాస్య బేకింగ్ పేపర్‌ని విప్పుతూ చుడుతూ కూర్చుంది. ఇంటి ముందు కారాగాక, "చెప్పకుంట ఉంటే ఏమైతదాంటీ? ఎవ్వరికి తెలుస్తది?" అంది.

"ఏమవదు. డిగ్రీ వస్తుంది. రాన్ నోరు విప్పే మనిషిలా లేడు, నేను విప్పినా ఎవరికీ అర్థం కాదు" అంది కళావతి. "కానీ జాకెట్ వేసుకుని తిరిగేది నువ్వు. ఎక్కడ బిగుతుగా ఉందో నీకే తెలుస్తుంది."

గురువారం ఆ గదిలో వెనక వరసలో కూర్చుంది కళావతి. మాటలు సగం కూడా తెలియలేదు. లాస్య తెర మీద బేకింగ్ పేపర్ బొమ్మ వేసినప్పుడు మాత్రం తెలిసింది. నా నాలుగో అధ్యాయం తప్పు అని లాస్య మొదటి వాక్యంలోనే చెప్పేసింది. ప్రొఫెసర్లు ముందుకు వంగారు. తెల్లజుట్టు ప్రొఫెసర్ ఒకావిడ ఏదో అడిగితే, లాస్య వెనక వరస వైపు వేలు చూపించింది. అందరూ తన వైపు చూడటంతో కళావతి పైట సర్దుకుని, ఏం చేయాలో తోచక నమస్కారం పెట్టేసింది.

బయటికొచ్చాక లాస్య గోడకి ఆనుకుంది. "ఆ చాప్టర్ తీసేయమన్నరు. ఆరు నెలల్ల మళ్ళ రాయాలె. విప్పి కుట్టింది ఎవరు, ఎందుకు కుట్టిన్రు, కావాల్ననే మార్చిన్రా అన్నదాని మీద. మూడేళ్ళు నీళ్ళల్ల పోసినట్టైంది."

"తిట్టారా?"

"లేదు. ఆ మేడమ్ అయితే, ఈ చిల్లుల సంగతి మాకు కూడా తట్టలేదన్నది." కళ్ళు తుడుచుకుంది, నవ్వింది, మళ్ళీ తుడుచుకుంది. "మీ మీద మస్తు కోపమొచ్చిందాంటీ నాకు."

"రావాలి మరి. కష్టపడి రాసుకున్నదాయె" అంటూ కళావతి ఆమె భుజం మీద జారిన కొంగుకి పిన్ను సరిగ్గా పెట్టింది. "అవునే, ఇలాంటి చుట్టలు ఇంకా ఎన్నుంటాయి?"

"పుస్తకాలు, చుట్టలు అన్నీ కలిపితే వందకు పైననే. శానా వరకు ఇంగ్లాండ్‌ల ఉన్నయి. ఎందుకు?"

"ఎవరైనా తిరగేసి చూశారా వాటిని?"

లాస్య గోడ వదిలి నిటారుగా నిలబడింది. తర్వాత ఆ తెల్లజుట్టు ఆవిడని వెతుక్కుంటూ గబగబా మళ్ళీ లోపలికి వెళ్ళింది.