మా మామ్మ వైద్యం, నా మోచేతి గజ్జి

మొన్న ఇక్కడ రంగూన్‌లో, సంచౌంగ్ బజారులో కూరలు కొనుక్కొని వస్తుంటే, నాటుమందులు అమ్మే ఒక బర్మా ముసలాయన రేకుడబ్బా మూత తీశాడు. గుప్పున గంధకం వాసన కొట్టింది. పక్కనున్న మా కోడలు ముక్కు మూసుకుంది. నాకు మాత్రం రెండు మోచేతుల మడతల్లోనూ ఒక్కసారిగా దురద పుట్టింది. సంచీ కిందపెట్టి, నడిబజారులో, డెబ్బైకి దగ్గరపడుతున్న మనిషిని, సిగ్గూ ఎగ్గూ లేకుండా హాయిగా గోక్కున్నాను.

ఆ వాసన నా చిన్నతనమంతా నాతోనే తిరిగింది. అప్పట్లో మేము ఇదే రంగూన్‌లో నదివొడ్డున, జెట్టీలకు దగ్గరలో ఒక పొడవాటి చెక్కల బ్యారకులో ఉండేవాళ్ళం. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబాలే అన్నీ. ఒక గదిలో చేపల పులుసు కాగితే వరసగా అన్ని గదుల్లోనూ నోళ్ళూరేవి, ఒక గదిలో మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటే చివరి గదివాళ్ళు తీర్పు చెప్పేవాళ్ళు. మా అయ్య జెట్టీలో మూటలెత్తే జట్టుకు మేస్త్రీ. అమ్మ చంటి తమ్ముడితో సతమతమవుతూ ఉండేది కాబట్టి ఇంట్లో వైద్యమంతా మామ్మ చేతిలో ఉండేది. మామ్మంటే అయ్యను కన్నతల్లి, భీమిలి నుంచి వచ్చిన మనిషి. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకొని అడ్డపొగ తాగుతూ, ఆ నిప్పు నోట్లో ఉండగానే తిట్టగలదు, జోల పాడగలదు, మందు నూరగలదు.

నా గజ్జి ఎప్పుడు మొదలైందో నాకు గుర్తులేదు, అది లేని రోజూ గుర్తులేదు. చలికాలం నది మీది గాలికి మోచేతుల మడతలూ మోకాళ్ళ వెనకా చర్మం ఎండి, బీటలు తీసి, పొట్టు రాలేది; వానాకాలం అదే చోట రసి కారి, వేసుకున్న జాకెట్టు చేతికి అతుక్కుపోయేది; ఎండాకాలం చెమట దిగి, నిమ్మకాయ పిండినట్టు చుర్రుమనేది. అన్ని కాలాల్లోనూ దురద మాత్రం ఒక్కటే.

మామ్మ చెయ్యని వైద్యం లేదు. వేపాకు నీళ్ళతో కడిగింది, కానుగనూనె రాసింది, గంధకం నూరి కొబ్బరినూనెలో కలిపి పట్టించింది. ఆ కంపుకి నేను వసారాలో కూర్చుంటే కుక్కలు కూడా అవతలి పక్క నుంచి తిరిగిపోయేవి. మెట్టతామరాకు మంచిదని ఎవరో చెబితే నన్ను సంపాన్ పడవ ఎక్కించి, నది దాటించి, దలాలో పొలంగట్లన్నీ తిప్పి, పరాయివాళ్ళ దొడ్లలో దూరి ఒడినిండా ఆకులు కోసుకొచ్చింది. ఇన్సేన్ రైలు కార్ఖానాలో పనిచేసే మా మావయ్య ఒకసారి ఇంజినుకు పూసే గ్రీజు డబ్బాడు తెచ్చి, “ఇనుముకే తుప్పు వొదిలిపోద్ది, దీని సర్మమెంత?” అన్నాడు. అది కూడా రాశారు. గజ్జి పోలేదు గానీ రెండు చాపలు పోయాయి.

ఇక పక్కింటి డో మ్యా అనే బర్మా ముసలమ్మ. ఆమెకు తెలుగు రాదు, మామ్మకు బర్మా మాట రాదు. అయినా మధ్యాహ్నం కాగానే ఇద్దరూ గుమ్మంలో చేరి, ఆమె మణికట్టంత లావు తెల్లచుట్టా, ఈమె అడ్డపొగా తాగుతూ, తలలూపుకుంటూ కబుర్లు చెప్పుకొనేవాళ్ళు. డో మ్యా తన రాతిపలక మీద చెక్క అరగదీసి చల్లటి గంధంలాంటి తనఖా నా చేతులకు పూసేది. ఆ పేరు విన్నప్పుడల్లా అయ్య, “మరేటి, పిల్లని తనఖా ఎట్టేసినారా? ఎప్పుడిడిపిస్తారు?” అని తన హాస్యానికి తనే నవ్వుకొనేవాడు.

మందులు సరే, పథ్యం మరీ ఘోరం. వంకాయ వద్దు, గోంగూర వద్దు, ఎండుచేప వాసన కూడా వద్దు. వీధిలో కావడి మీద మొహింగా వస్తే, ఆ చేపల పులుసూ సేమియా ఆవిర్లు కక్కుతుంటే, నన్ను లోపల కూర్చోబెట్టి తలుపు వేసేవాళ్ళు. బర్మావాళ్ళ నీళ్ళ పండగకు డో మ్యా లోపల బెల్లం పెట్టి ఉడికించిన బియ్యప్పిండి ఉండలు, పైన కొబ్బరికోరు చల్లి, నా కోసమని ఆకులో పెట్టి పంపేది. “దురద పెరిగిపోద్దే తల్లీ” అంటూ మామ్మ వాటిని ఒకటొకటిగా తనే తినేసేది, నామీద జాలితో కళ్ళు తుడుచుకుంటూ.

ఇలా మా ఇంటికి మాత్రమే పరిమితమైన బాధ ఒకరోజు కుళాయి దగ్గర రచ్చకెక్కింది. బ్యారకు అంతటికీ ఒకటే కుళాయి. ఆ కుళాయికి మకుటం లేని మహారాణి సూరమ్మత్త, భారీ మనిషి, గొంతు అంతకన్నా భారీ. నేను అమ్మ వెంట చెంబు పట్టుకు వెళ్ళేసరికి నా మోచెయ్యి చూసి ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

“వొదినా, నీ గుంటదాని సేతులు సూసుకున్నావా? పెద్దరోగమేమోనే! మా ఊర్లో ఒకాయనకి ఇలాగే మొదలైనాది.”

పెద్దరోగమంటే కుష్ఠు. ఆ మాటతో ఆడవాళ్ళు బిందెలు పక్కకు జరుపుకున్నారు. సాయంత్రం ఒప్పులకుప్ప ఆడుకొనే పిల్లలు నా చేతులు పట్టుకోలేదు. నేను చేతులు చాచి నిలబడితే, వాళ్ళలో వాళ్ళే జతలు కట్టుకొని గిర్రున తిరిగారు. మునిసిపాలిటీవాళ్ళకు తెలిస్తే బండి పంపి కుష్ఠు ఆశ్రమానికి పట్టుకుపోతారని కూడా ఎవరో అన్నారు. ఆ రోజు అన్నాల దగ్గర అయ్య హాస్యమాడలేదు. తన కంచం పక్కకు నెట్టి, నా కంచంలోనే కలుపుకొని, నేను తిన్న ముద్ద పక్కముద్ద తను తిన్నాడు. అమ్మ మొహం తిప్పుకుంది. నాకు ఏదో భయంకరమైనది జరగబోతున్నదని అప్పుడే తెలిసింది.

మర్నాడు అయ్య పనికి నాగా పెట్టి, నన్నూ మామ్మనూ ఒక బెంగాలీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన నా చేతులు వెలుగులో తిప్పి చూసి, దూదిని సన్నగా పేని, నన్ను కళ్ళు మూసుకోమని, దాని కొసతో మచ్చల మీద తాకుతూ, ఎక్కడ తాకిందో చూపించమన్నాడు. చూపించడమేమిటి, చక్కిలిగింతకు నేను బల్ల మీద మెలికలు తిరిగిపోయాను. ఆయన నవ్వి అయ్యతో హిందూస్తానీలో ఏదో చెప్పాడు. వింటూ వింటూనే అయ్య మామ్మ వైపు తిరిగాడు.

“పెద్దరోగం కాదంటన్నాడమ్మా! అదయితే తాకినట్టే తెలీదంట. ఇది ఒట్టి సర్మం జబ్బంట. వొస్తాది, పోతాది, బయం లేదంట.”

డాక్టరు ఒక తెల్లటి మలాము ఇచ్చాడు. మామ్మ అక్కడే నిలబడి, “పత్యం?” అంది. పథ్యం లేదు, అన్నీ తినొచ్చన్నాడాయన. “పత్యం సెప్పనోడు డాట్రేటి?” అని దారిపొడుగునా సణుక్కుంది గానీ, వీధి మొదట్లో మొహింగా కావడి ఆపి నాకో గిన్నెడు కొనిపెట్టింది. సగం తనే తిన్నదనుకోండి.

మర్నాడు పొద్దున్న అందరూ కుళాయి దగ్గరున్న వేళ చూసి మామ్మ నన్ను రెక్క పట్టుకొని అక్కడికి లాక్కుపోయింది. చెవి తిప్పుకోడానికి ఎప్పుడూ కొప్పులో దోపుకొనే కోడీక తీసి పైకెత్తింది.

“పెద్దరోగమయితే ముట్టుకున్నా తెలీదంట, డాట్రు సెప్పినాడు. అందరూ సూడండి. ఒలే నర్సీ, కళ్ళు మూసుకో!”

ఈక నా మోచేతి మడతకు తగలగానే నేను కెవ్వున నవ్వి, ఎగిరి కాలు విసిరాను. ఆ కాలు సూరమ్మత్త ఇత్తడి బిందెకు తగిలింది. నిండు బిందె బోర్లాపడి, మెట్లమీదుగా దొర్లి మురుక్కాలవలో పడింది. ఆడవాళ్ళంతా పొట్టలు పట్టుకొని నవ్వారు. నేను మాత్రం సూరమ్మత్త వైపు చూసి బిక్కచచ్చిపోయాను. ఆమె బిందె ముట్టుకున్నవాళ్ళను ఆమె వదిలిన సందర్భం నాకు తెలియదు.

సూరమ్మత్త బిందె వైపు చూడనేలేదు. తడి గట్టు మీద మెల్లగా కూలబడి, మామ్మకు వీపు తిప్పి, ఎంత ఎండలోనూ మెడచుట్టూ బిగించి కప్పుకొనే పైటను తీసేసింది. మెడ వెనక అరచేతి వెడల్పున మచ్చ.

“అత్తా, నాకూ సూడు,” అంది. ఆ గొంతు ఆమెదేనా అనిపించింది. “ఎన్నాల్నించో ఉంది. మా ఇంట్లో కూడా ఎవులికీ సెప్పలేదు.”

మామ్మ నోట్లోంచి చుట్ట తీసింది. నలుగురిలో ఆమె చుట్ట తీయగా నేను చూడటం అదే మొదలు. ఈక కొసతో ఆ మచ్చమీద తాకీ తాకనట్టు రాసింది. సూరమ్మత్త కదల్లేదు. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. మామ్మ మళ్ళీ, ఇంకొంచెం పక్కగా రాసింది.

“ఒలమ్మో, సక్కిలిగింతే!” అని సూరమ్మత్త గట్టు అదిరేలా ఎగిరింది. నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది, ముక్కు చీదుకుంది, మళ్ళీ నవ్వింది. “ఇంకోసారి సూడత్తా, ఇంకోసారి” అంటూ ఈకను వదలనివ్వలేదు. మామ్మ చుట్ట మళ్ళీ లోపలికి తిప్పి పెట్టుకొని, తీరిగ్గా, “ఇది తామరే గుంటా. రేపు దలా ఎల్దాం. ఒంకాయి మానీ” అంది. కొత్త రోగి దొరికిన ఆనందం ఆ మొహంలో దాగలేదు.

సూరమ్మత్త కళ్ళు తుడుచుకొని నా దగ్గరికి వచ్చింది. బిందె సంగతి ఇప్పుడు ఎత్తుతుందనుకున్నాను. ఆమె నా రెండు చేతులూ మోచేతుల దాకా గట్టిగా పట్టుకొని, పిల్లలందరూ చూస్తుండగా, కుళాయి ముందు బురదలో, ఒప్పులకుప్ప తిప్పింది. ఏనుగులాంటి ఆ మనిషి తిరుగుతుంటే నా కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆ సాయంత్రం నా చేతులకోసం పిల్లలు కొట్టుకున్నారు.

నా గజ్జి మలాముతో తగ్గింది, చలికాలం మళ్ళీ వచ్చింది, మళ్ళీ తగ్గింది. తగ్గినప్పుడల్లా అది డాక్టరు మందువల్లనని అయ్యా, వేపాకువల్లనని మామ్మా, గ్రీజువల్లనని మావయ్యా వాదించుకొనేవాళ్ళు. డో మ్యా మాత్రం తన రాతిపలక వైపు వేలు చూపించేది.

ఇప్పుడు ఆ బ్యారకు లేదు. అక్కడ లారీలు నిలుపుతున్నారు. మామ్మ, అయ్య, అమ్మ, సూరమ్మత్త, డో మ్యా, ఎవరూ లేరు. తెలుగులో పలకరిస్తే పిల్లలు బర్మా భాషలో జవాబిస్తున్నారు. నీళ్ళు ఎవరింట్లోకి వాళ్ళకు గొట్టాల్లో వస్తున్నాయి కాబట్టి ఎవరి ఒంటిమీద ఏముందో ఎవరికీ తెలియదు. ఈమధ్య చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్తే గది తలుపు మూయించి, నా మోచెయ్యి చూసి, ఈ సంగతి బయట ఎవరికీ తెలియనివ్వను, నిశ్చింతగా ఉండండి అని భరోసా ఇచ్చాడు. మర్యాదస్థుడు, మంచివాడు. ఆయన మంచితనానికి సంతోషించాలో, చెప్పుకోడానికి ఎవరూ మిగల్లేదని ఏడవాలో తెలియక, తల ఊపి వచ్చేశాను.